కుటిలకుంతలము: కావ్యసాక్ష్యము, లోకవ్యవహారము

నిజామాబాదు మండలమున ఆర్మూరు పసుపు పంటకును పసుపు వ్యాపారమునకును పేరుగన్న పట్టణము. అట్టి పట్టణములందు సైతము, పెండ్లికి సిద్ధమగు యువతి తన ఉంగరాల జుట్టును ఉన్నదున్నట్లు ఉంచుకొనవలయునా, రసాయనములచే మరల సాపు చేయించుకొనవలయునా యని తర్కించుకొనుట నేడు వింత గాదు. మరల యనుటకు కారణము కలదు. స్మూతనింగు, రీబాండింగు అను ప్రక్రియలు వెలికివచ్చిన వెంట్రుకను మాత్రమే మార్చగలవు, కుదురును మార్చజాలవు. క్రొత్తగా మొలచునది పుట్టువంకరతోనే మొలచును. కొన్ని నెలలు గడచునప్పటికి ఒకే తలపై రెండు స్వభావములు నిలుచును. అప్పుడు సాపైన భాగమును కత్తిరించుటయో, రెంటిని ఓర్చుకొనుటయో, తిరిగి పార్లరునకు పోవుటయో తప్పదు.

ఇది విమర్శకుడు చేపట్టదగిన విషయము కాదని కొందరనవచ్చును. కాని ఈ వివాదమున ఇరుపక్షములవారును కావ్యములనే సాక్ష్యమునకు పిలుచుచున్నారు. మన కవులు వంకర కురులనే స్తుతించిరి గనుక సహజకేశమును నిలుపుకొనుటయే సంప్రదాయమని ఒక పక్షము. మన నాయికల వేణులు సర్పములవలె నున్ననివి గనుక సాపుజుట్టుపై మక్కువ క్రొత్తది కాదని రెండవ పక్షము. సాక్షి చెప్పినదేమి, చెప్పనిదేమి యని పరీక్షించుట మాత్రము విమర్శకుని పనియే.

మొదట నిఘంటువును చూతము. అమరసింహుడు కేశవాచకములను చెప్పుచు, అలకములకు చూర్ణకుంతలములని పర్యాయమిచ్చి, అవియే నుదుట వ్రాలినచో భ్రమరకములని వేరుపేరు పెట్టినాడు. ముడిచిన కేశము ధమ్మిల్లము, అల్లినది వేణి, వ్రతము పూనినవానిది జట. చిక్కులేక నిర్మలమైన కేశమునకును శీర్షణ్యమను పేరు కలదు. వంకరలేని కేశమునకు మాత్రము ఆ వరుసలో ప్రత్యేకనామము కానరాదు. చిక్కు వేరు, వంకర వేరు అను వివేకము కోశకారునకు కలదన్నమాట. నేటి ప్రకటనభాషలో ఈ రెండును ఒక్కటే దోషముగ కలసిపోయినవి. తెలుగున కురులు, ముంగురులు అను మాటలలోనే చుట్టుతిరుగుట యను నర్థము ఇమిడియున్నది. కావున తెలుగు కన్యకు వంకరజుట్టు అందమునకు లోపమను మాట మన ప్రాచీనభాష నేర్పినది కాదు. మొదటి పక్షమువారి వాదమునందు ఇంతమట్టుకు సత్యము కలదు. ఇంతకు మించి లేదు.

ఏలయనగా, కావ్యనాయిక తల ఏకస్వభావము కలది కాదు. నుదుట తుమ్మెదలవంటి వంపులు, వెనుక పామువంటి జడ. రెండును ఒకే వర్ణనమున ఇముడును. ఇందుకు ఉత్తమోదాహరణము వ్యాసభారతము ఉద్యోగపర్వమున కలదు. సంధికై పోనున్న శ్రీకృష్ణుని యెదుట ద్రౌపది తన కేశపక్షమును చేతబట్టి నిలుచు ఘట్టమున, ఆ కేశమునకు వేసిన విశేషణములలో కొనలు వంకరలు తిరిగినవను నర్థము నిచ్చునది యొకటి. మహాసర్పమువలె మెరయునది యనునది మరియొకటి. సుగంధము పట్టించినది యనునది వేరొకటి. వంకరను చెప్పుటకు అచట వాడిన వృజినశబ్దమునకు పాపమను నర్థము కూడ కలదు. దుశ్శాసనుడు పట్టి యీడ్చిన కేశమునకు ఆ మాట తగులుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని చదువరి మనస్సు అచట ఒక్కక్షణము ఆగక మానదు. ఈ ఘట్టమును తెనిగించిన తిక్కన సోమయాజి విరాటపర్వముతో తన భారతరచన నారంభించెను. అచట ఇదే ద్రౌపది సైరంధ్రియై, కేశసంస్కారమున నేర్పుగలదాననని చెప్పుకొని సుధేష్ణకడ కొలువున చేరును. అనగా తలదువ్వుట యొక విద్య, యొక వృత్తి. రాణి కురులలోని సహజశోభ వెనుక దాసి చేతులున్నవి. ఒక పర్వమున పరుల తల దిద్దినయామె, తరువాతి పర్వమున తన తలను చూపి న్యాయమడుగుచున్నది. ఆ కేశము కుటిలమా ఋజువా యని కృష్ణుడు చూడలేదు. అది యెవరి చేతబడినదో చూచెను. కేశమునకు సంబంధించి మన వాఙ్మయమున ఇంతకంటె బలమైన ఘట్టమును నేనెరుగను.

శ్రీహర్షుని నైషధమున హంస దమయంతిని వర్ణింపబూని కేశములతోనే మొదలిడును. పశువు సైతము వెనుకకు త్రోసియుంచుకొన్న చామరముతో ఆ కేశమును పోల్చరాదను చమత్కారమచట కలదు. శ్రీనాథుని చేతిలో తెలుగైన కావ్యమిది. ఇట్టి వర్ణనములన్నిటను కవి కొలుచునది నలుపు, నిడివి, దట్టము, నిగనిగ. వంకర ముంగురులకు పరిమితము. ఇక తైలము లేని కేశమునకు కావ్యమున నొక్కటే అర్థము: దుఃఖము. మేఘసందేశమున యక్షుని భార్య అలకములు నూనెలేని స్నానముచేత గరుకెక్కియుండును. అశోకవనమున సీత ఏకవేణియై యుండును. ప్రబంధములలోని విరహిణులందరును ఈ యిరువురి వెంట నడచినవారే.

దీనినిబట్టి తేలునదేమనగా, కావ్యమున కేశవిషయమైన విభాగము వంకరకును సాపునకును నడుమ గీయబడినది కాదు. సంస్కారము పొందినదానికిని పొందనిదానికిని నడుమ గీయబడినది. ఆ సంస్కారమునకు నూనె కావలయును, తీరిక కావలయును, పరుల చేతులు కావలయును. ఎండలో పసుపుకొమ్ములు ఉడికించి, ఆరబోసి, ఏరు కూలి స్త్రీ జుట్టు రాగిరంగునకు తిరిగి గరుకెక్కును. దానికి విరహము కారణము కాదు. కాని దానికి వేరొక మాట కావ్యభాష కల్పింపలేదు. వాడుకభాష కల్పించినది గాని, ఆదరముతో కాదు. మడతలు చక్కగా నిలిచిన వంకరజుట్టు ఉంగరాల జుట్టు, నొక్కుల జుట్టు. ఉంగరమనగా ఆభరణమే కదా! అదే వంకర తైలహీనమై విచ్చుకొన్నచో పీచుజుట్టు, పిచ్చుకగూడు. ఒకే స్వభావమునకు సంపన్నురాలి తలపై నొక పేరు, కష్టజీవి తలపై మరియొక పేరు. సహజకేశపక్షమువారు కావ్యమును ఉదాహరించునపుడు ఈ రెండవ పేరును మరచుచున్నారు.

సహజమన్నంతనే నిరపాయమని తలచుటయు పొరపాటే. ఆర్మూరు గ్రామనామమునకు ఆరు, మూడు కలసి తొమ్మిది యను వ్యుత్పత్తి నచటి జనశ్రుతి చెప్పును. నవనాథసిద్ధుల గుట్ట ఆ పట్టణమునకు ఆనవాలు. వ్రతి కేశము జట యని అమరుని మాట. కాని ఉత్తర కర్ణాటకమునను మహారాష్ట్రమునను స్త్రీ తలపై జట కట్టినచో దేవత పిలుపని యెంచి ఆమెను ఎల్లమ్మకు సమర్పించిన వాడుక యుండెను. మూఢనమ్మకములను ఎదిరించు కార్యకర్తలు ఇండ్లకు పోయి, నచ్చజెప్పి, అట్టి జటలను కత్తిరించుచు వచ్చిరి. జోగినీ వ్యవస్థ నిజామాబాదు మండలమునందును వేరూనియుండెను. హేమలతా లవణము అచట చేసిన సేవ ప్రసిద్ధము. ఆంధ్రప్రదేశ శాసనసభ 1988లో దానిని నిషేధించు చట్టము చేసెను. కేశమును దాని పాటికి విడుచుట పురుషునకు సిద్ధి, స్త్రీకి బంధనము అయిన దేశమిది.

రెండవ పక్షమువారు కృత్రిమము మనకు క్రొత్తది కాదందురు. ఇదియు నిజమే. సిద్ధేంద్రయోగి పేర ప్రసిద్ధమైన భామాకలాపమున సత్యభామ జడ తెరమీదుగా వెలికి వ్రేలాడును. అది పోటీకి పిలుపు. తెలుగువారి జడలన్నిటను పేరుగాంచిన యా జడ నిజమైన జడ కాదు. దానిని తరతరములు ధరించినవారు పురుషులు. ఆ వేషమున వేదాంతం సత్యనారాయణశర్మగారిని చూచినవారు ఆ జడను మరువలేరు. ఇండ్లలోను సవరములుండెను. పెండ్లిచూపులలో జడ సొంతమా సవరమా యని పెద్దముత్తైదువలు తడిమిచూచిన ముచ్చటలు మన నానమ్మలు చెప్పినవే. ఐనను సవరమునకును రసాయనలేపమునకును సామ్యము చెల్లదు. సవరము రాత్రికి చిలుకకొయ్యకు ఎక్కును. క్రింది జుట్టు క్రిందనే యుండును. లేపము వెంట్రుకలోని గంధకబంధములను తెంచి, క్రొత్త తీరున కూర్చును. మార్చిన భాగము మరల వెనుకటి తీరునకు రాదు. జుట్టున్నమ్మ ఏ కొప్పైనను పెట్టుననెడు సామెత సవరమునకు చెల్లును, కొప్పునకు చెల్లును, దీనికి చెల్లదు. ఏ కొప్పైనను విప్పుకొను స్వేచ్ఛ ఆ సామెతకు ప్రాణము.

ఈ ప్రశ్నను సాహిత్యవస్తువుగా గాఢముగ చర్చించినవారు ఆఫ్రికా సంతతి రచయితలు. 1965లో వెలువడిన మాల్కం ఎక్స్ ఆత్మకథలో, యౌవనమున క్షారము పూసి తల సాపు చేయించుకొన్న సంగతి కలదు. ఆ మంటను, ఆ నాటి మురిపమును దాచక చెప్పి, పిదప దానినే ఆత్మావమానముగ ఆయన నిర్ణయించెను. చిమమాండా ఎన్‌గోజీ అడీచే 2013 నాటి నవల అమెరికానాలో, ఇఫెమెలు ఉద్యోగపరీక్షకై కేశమును సాపుచేయించుకొనును, తల కాలును. తరువాత కత్తిరించుకొని సహజకేశమునకు మరలును. అందు రచయిత్రి నేర్పు ఏమనగా, మరలిన తొలిదినములలో నాయిక అద్దములో తన్ను తాను చూచుకొనజాలని స్థితిని కూడ చెప్పుట. అమెరికాలో ఆ వంకర వెనుక బానిసత్వ చరిత్ర కలదు. దానిని ఆర్మూరునకు యథాతథముగ దించుట అవివేకము. మన కన్య సాపుజుట్టు కోరుట జాతిద్రోహము కాదు. కాని ఉద్యోగమిచ్చువాని చూపు అచట చేసిన పనినే, పెండ్లికుమారుని తల్లి చూపు ఇచట చేయుచున్నది. పోలిక ఇంతవరకు నిలుచును.

మన స్త్రీవాద కవిత్వమున జయప్రభ పైటను, విమల వంటింటిని ప్రశ్నించిరి. విమలయే సౌందర్యాత్మక హింస అను పేర నొక కవిత వ్రాసినది. ఈనాటి కేశసమస్యకు ఆ శీర్షిక సరిపోవును గాని, పార్లరు కుర్చీలో తానై కూర్చున్న యువతి కోరికను కూడ లెక్కింపగల విమర్శ మనకు ఇంకను కావలసియున్నది. ఆమె మోసపోయినదనుట తేలిక. పాలిషు చేసిన పసుపుకొమ్మునకు బజారులో ధర హెచ్చునని యెరిగిన యింటి పిల్ల, తన తలకు పాలిషు పెట్టుటలో లెక్క తప్పలేదు. బజారే ఆ లెక్క నేర్పినది.

లెక్కలో చేర్పవలసినది మరియొకటి కలదు. అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థల పరిశోధకులు 33,497 మంది స్త్రీలను సుమారు పదకొండేండ్లు గమనించి 2022లో ప్రకటించిన దానినిబట్టి, డెబ్బదియేండ్ల వయస్సునకు గర్భాశయ క్యాన్సరు కలుగు అవకాశము, కేశమును సాపుచేయు లేపములు వాడనివారిలో నూటికి 1.64, ఏడాదికి నాలుగుసార్లకు మించి వాడినవారిలో 4.05. ఇది సంబంధమును చూపును గాని కారణమును నిరూపింపదు. ఫార్మాల్డిహైడునకు బదులు గ్లయాక్సిలికామ్లము కలిపిన లేపములచే మూత్రపిండములు దెబ్బతిన్న ఉదంతములు 2023 నుండి వైద్యపత్రికలలో వచ్చుచున్నవి. కావ్యసాక్ష్యమునకు దీనితో పనిలేదు, నిర్ణయించుకొనువారికి పనికలదు.

కావ్యములు ఈమె కొరకు తీర్పు చెప్పజాలవు. వంకర దోషము కాదని మాత్రము చెప్పగలవు. ఆ మాట ఆమె అత్తవారింట వినబడుట మేలు. తక్కిన నిర్ణయము ఆమెది. నా మట్టుకు, విప్పుకొనరాని కొప్పు పెట్టుకొనుటకంటె పుట్టుకురులకు నూనె పెట్టుకొనుటయే మేలని తోచును. పెండ్లితంతులోనే ఇందుకొక చిక్కు పొంచియున్నది. మన వాడుకలో పసుపు మేనిది, నూనెయు కుంకుడును తలవి. నలుగుపెట్టి తలంటి మంగళస్నానము చేయింపనిదే పెండ్లికూతురు పీటలకెక్కదు. లేపము పెట్టించుకొన్న తలకు మూడు దినములు నీటితడి తగులరాదని పార్లరువారి నియమము. అందుచే ఏ దినమున ఏది జరుపవలెనో ముందుగ కూర్చుండి లెక్కించుకొనవలసివచ్చును. ముత్తైదువల చేతనున్న నూనెగిన్నె ఆ లెక్క తేలువరకు ఆగవలసివచ్చును.