ఏడో ఇల్లు

చుక్కీ, నువ్వు మా ఇంటికి నీ కాళ్లతో రాలేదు. 2007 శ్రావణంలో, కాకినాడ జగన్నాథపురంలో, వాన వెలిసిన ఓ సాయంత్రం మీ అమ్మ నిన్ను నోట కరుచుకుని మా పిట్టగోడ దిగింది. వసారాలో గోనెసంచి మీద దించేదాకా నీ ఒంట్లో కదలిక లేదు. కాళ్లు ముడుచుకుని, తోక పొట్టకు అదుముకుని, మెడ వెనక తోలు తల్లి పళ్లకు వదిలేసి వేలాడుతూ వచ్చావు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. మాది ఎన్నో ఇల్లో తెలీదు. మర్నాడు మీ అమ్మ నీ తోబుట్టువులిద్దర్నీ ఇంకెక్కడికో మోసుకెళ్లింది. నీకోసం మళ్లీ రాలేదు.

"చూశావుటే, అది దేన్నీ పట్టుకోలేదు" అన్నారు తాతయ్య. శరణాగతి గురించి చెప్పేటప్పుడు శ్రీవైష్ణవుల్లో వడగలైవారు కోతిపిల్లను చూపిస్తారట, తెంగలైవారు పిల్లిపిల్లను. కోతిపిల్ల తల్లి పొట్టను తన చేతులతోనే గట్టిగా పట్టుకుంటుంది. పిల్లిపిల్ల దేన్నీ పట్టుకోదు. పట్టుకోవడం తల్లి పని. మార్జాల కిశోర న్యాయం అనే మాట నేను మొదటిసారి విన్నది నిన్ను చూస్తూనే.

అలా వచ్చినదానివి, ఆ తర్వాత ఎవరి చేతికీ చిక్కలేదు. ఒడిలోకి నీ అంతట నువ్వు రావాలి. మేం ఎత్తుకోబోతే వేళ్ల సందుల్లోంచి నీళ్లు జారినట్టు జారిపోయేదానివి.

నీ నుదుటి తెల్లచుక్కకి దండం. మిట్టమధ్యాహ్నం వడ్లగింజలా నిలువునా సన్నబడి, దీపాలు పెట్టేవేళకి గుండ్రంగా విచ్చుకునే నీ కంటిపాపలకి దండం. తీపి ఎరగని నీ నాలుకకి దండం. పిల్లి జాతిలో తీపిని పట్టే జన్యువు పనిచేయదని 2005లో శాస్త్రవేత్తలు తేల్చారు. వినాయక చవితినాడు నువ్వు పైన మీగడ నాకి పాలతాలికలు వదిలేసినప్పుడే, "దీనికి బెల్లం వంటబట్టదర్రా" అని నానమ్మ తేల్చేసింది. నీ గురగురకి దండం. సెకనుకి సుమారు 25 సార్లు అదిరే ఆ చప్పుడు ఇంటర్ పరీక్షల రాత్రుళ్లు నా మంచంకోడు పక్కన ఉండేది. తాతయ్య పోయిన రాత్రి, ఇంటినిండా జనం ఏడుస్తుంటే, వసారా మూల నా మోకాలికి ఆనుకుని ఉంది.

పొద్దున్నే చేపలామె వీధి మొదట్లో కేకవేస్తే గేటు దగ్గర నువ్వుండేదానివి. ఆవిడ తట్ట దించి గుప్పెడు నెత్తళ్లు గట్టుమీద పోసేది. "ఇది సుక్కమ్మ వాటా, లెక్కలోది కాదు" అనేది. కార్తీకమంతా మేం నీచు ముట్టం. అయినా ఆవిడ మా గేటు దాటి ఊరికే వెళ్లేది కాదు. పిట్టగోడ మీద కాకి ఒకటి నీ వాటాకోసం కాచుకుని ఉండేది. ఎన్నేళ్లయినా ఒక్క నెత్తల్ని దాని ముక్కుకి అందనివ్వలేదు నువ్వు.

కిందటి వేసవిలో నీళ్లతొట్టి దగ్గర ఎక్కువసేపు కూర్చోవడం మొదలుపెట్టావు. ఎండలకి అనుకున్నాం. ముసలిపిల్లి నీళ్లు ఎక్కువ తాగుతోందంటే మూత్రపిండాల సంగతి చూడాలని నాకు తెలియలేదు. ఆ తెలియనితనం నన్నింకా కోస్తూనే ఉంది. అవి చాలావరకు చెడిపోయాకగానీ క్రియాటినిన్ పెరిగినట్టు రక్తపరీక్షలో బయటపడదు. అప్పటిదాకా పిల్లి తన బాధని దాచుకునే తిరుగుతుంది. నాలుగున్నర కిలోల నువ్వు రెండున్నరకి వచ్చావు. ఒళ్లు నాక్కోవడం మానేశావు. నీ బొచ్చు జడలు కట్టింది. 18 ఏళ్ల పిల్లి అంటే మనిషి లెక్కలో 88 దాటినట్టేనని డాక్టరమ్మ చెప్పి, చర్మం కింద సెలైన్ ఎక్కించడం నాకు నేర్పింది. సీసా కిటికీ ఊచకి వేలాడదీసి, నీ మెడ వెనక తోలు పైకెత్తి సూది గుచ్చేదాన్ని. మీ అమ్మ పట్టుకున్న చోటే.

అప్పుడు, నన్ను ఎత్తుకోనిచ్చావు.

ఎండపొడ దగ్గరికి, నీళ్ల దగ్గరికి, ఇసుక తొట్టి దగ్గరికి నిన్ను మోశాను. ఒక్కసారీ గోరు తీయలేదు. కాళ్లు ముడుచుకుని, బరువంతా నా అరచేతుల్లో వదిలేసి, ఆ గోనెసంచి నాటి పిల్లవయ్యావు. తాతయ్య ఆ న్యాయాన్ని పిల్లవైపు నుంచే చెప్పారు. మోసేదాని గుండె ఎలా కొట్టుకుంటుందో ఆయన చెప్పలేదు.

మూడురోజులు మెతుకు ముట్టలేదు. డాక్టరమ్మ నీ చిగుళ్లు చూసి, "ఇంకా ఈడ్పించొద్దమ్మా" అంది. పిల్లిని చంపిన పాపం పోవాలంటే బంగారు పిల్లిని చేయించి కాశీలో దానమివ్వాలని నానమ్మ చెప్పేది. ఆ రాత్రంతా ఆ మాటే తలుచుకుంటూ నీ పక్కన కూర్చున్నాను. నీ ఊపిరి ఒక్కోసారి ఆగి, మళ్లీ అందుకునేది. తెల్లవారుజామున నిర్ణయం చేసుకున్నాను: అది పాపమే అయితే నాకే రానీ, నొప్పి మాత్రం నీకొద్దు.

డాక్టరమ్మ ఇంటికే వచ్చింది. మొదటి సూది నిద్రకి. నా ఒడిలో గురగుర మొదలైంది. బాధలో ఉన్నప్పుడూ పిల్లులు అలా చేస్తాయని నాకు తెలుసు. అయినా ఆ చప్పుడుని నేను ప్రేమగానే విన్నాను, అలాగే దాచుకుంటాను. రెండో సూదికి అది సన్నబడింది. ఎక్కడ ఆగిందో నా చేతికి తెలియలేదు.

నందివర్ధనం మొదట్లో నాన్న గొయ్యి తవ్వారు. సైప్రస్‌ దీవిలో 9,500 ఏళ్లనాటి సమాధి ఒకటి బయటపడిందని 2004లో లోకానికి తెలిసింది. అందులో ఒక మనిషి, 40 సెంటీమీటర్ల అవతల ఒక పిల్లి. రెండు జానల దూరం. మన మంచం మీద నువ్వు నాకు ఎప్పుడూ వదిలే దూరం. వాళ్లెవరో, ఏ భాష మాట్లాడారో తెలీదు, పక్కనే పడుకోబెట్టాలని మాత్రం వాళ్లకి తోచింది. నిన్ను ముడుచుకున్న కాళ్లు ముడుచుకున్నట్టే, తోక పొట్టకు చేర్చి, పాత తువ్వాలులో దించాను. మీ అమ్మ తిప్పకుండా వదిలేసిన ఇళ్ల లెక్క ఇక్కడికి సరిపోయిందేమో.

మర్నాడు కార్తీక సోమవారం. అయినా వీధి మొదట్లో కేక వినిపించింది.

"ఏటమ్మా, సుక్కమ్మ అగుపడదే?"

నేను చెట్టువైపు చూశాను. ఆవిడ తట్ట దించుకుంది. చాలాసేపు ఏమీ అనలేదు. కొంగుతో చెయ్యి తుడుచుకుని, గుప్పెడు నెత్తళ్లు తీసి, నడిచి వెళ్లి పచ్చిమట్టి మీద పోసింది.

పిట్టగోడ మీది కాకి దిగింది. కాసేపు దూరంగానే నిలబడి అటూ ఇటూ చూసింది. తర్వాత వచ్చి, ఒక్క నెత్తల్ని ముక్కున పెట్టుకుంది.