గుర్రానికి స్నానం

లండన్ వెళ్ళిన మా మేనల్లుడు బ్రిటిష్ మ్యూజియం నుంచి వాట్సాప్‌లో ఓ ఫొటో పంపాడు. పార్థెనాన్ అనే ప్రాచీన గ్రీకు గుడి మీది గుర్రం తల. "ఎంత తెల్లగా ఉందో చూడు మావయ్యా!" అని కింద ఓ ముక్క. నాకు ఒళ్ళు మండింది.

గుర్రానికేం, అద్భుతం. రాత్రంతా చంద్రదేవత సెలీనీ రథం లాగి, తెల్లవారుతుంటే దిగంతంలోకి దిగిపోతోంది. కళ్ళు ఉబ్బి, ముక్కుపుటాలు విచ్చుకుని, నోరు తెరిచి రొప్పుతోంది. గుడి తూర్పు ముఖాన, పైకప్పు కింది త్రికోణంలో ఇరుకు మూల దాని చోటు. అందుకే దవడ చూరు మీంచి బయటికి వేలాడేలా చెక్కారు. లోహపు కళ్ళెం బిగించిన బెజ్జాలు ఇంకా ఉన్నాయి. క్రీ.పూ. 438-432 నాటి పని.

దాన్ని చెక్కింది పెంటెలికాన్ పాలరాయిలో. అందులో కాస్త ఇనుముంటుంది. కాలం గడిచేకొద్దీ తేనెరంగు తిరుగుతుంది. మ్యూజియంలో ఈ శిల్పాల కొత్త గ్యాలరీకి డబ్బిచ్చిన డువీన్ ప్రభువుకి తెలుపే కావాలి. 1937-38లో పనివాళ్ళు రాగి పనిముట్లతో, కార్బోరండంతో గీకేశారు. తర్వాత విచారణ జరిగింది. దెబ్బతిన్నవాటిలో ఈ గుర్రమూ ఉంది.

ఆ గీకుడు తలుచుకుంటే మా ఊరి గుడే గుర్తొస్తుంది. గుడి శిల్పాలకి ఎనామిల్ పూసేవాళ్ళతో నాకు పాత వైరం. మా ఊరి శివాలయంలో ద్వారపాలకులకి ఏటా శివరాత్రి ముందు గులాబీ మొహం, నల్లటి మీసం, ఆకుపచ్చ పంచె. చిన్నప్పుడు ఆ మీసం చూసి జడుసుకునేవాళ్ళం. తర్వాతెప్పుడో వచ్చిన కమిటీ, రంగులు పోవాలని మిషను పెట్టి ఇసుక కొట్టించింది. రంగు పోయింది. దాంతోపాటు హారంలో పూసలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, కాలిగోళ్ళు మాయమయ్యాయి.

అయితే గ్రీకులూ రంగులు పూసినవాళ్ళే. ఈ గుర్రంతోపాటు గీకుడు తిన్న, అదే గుడికి చెందిన ఐరిస్ దేవత విగ్రహం నడుంపట్టీ మీద ఈజిప్షియన్ నీలం ఆనవాళ్ళు 2009లో దొరికాయి. డువీన్ కోరిన తెలుపూ, నేను మురిసిపోయే తేనెరంగూ రెండూ ఆ శిల్పి అనుకున్నవి కావు. లెక్కకి మా ఊరి మీసాల పెయింటరే ఆయనకి దగ్గరివాడు.

కాబట్టి కమిటీ పెద్దలకో మనవి. రంగు వేసుకుంటే వేసుకోండి, ఇకమీదట ఈ కాలమ్‌లో తిట్టను. ఉన్న రంగు వదిలించాలంటే మాత్రం ఇసుక మిషను వాణ్ణి కాదు, పురావస్తు శాఖ వాళ్ళని పిలవండి.