నిలువురాళ్ళు - నిలబెట్టినవాళ్ళు

మన చరిత్ర గ్రంథాలకు శాసనం దొరికితేగాని చరిత్ర ప్రారంభం కాదు. శాసనంలో రాజు వుంటాడు, ఆయన బిరుదులు వుంటాయి. బండ మోసినవాని వూసు వుండదు. అక్షరమే లేని రాయి ఎదురైతే మన రచయితలు ఏం చేస్తారు? నారాయణపేట జిల్లా ముడుమాల్ చూసివచ్చిన తర్వాత యీ ప్రశ్న నన్ను వదలటం లేదు.

కృష్ణకు చేరువలో, చేల మధ్య, 10 నుంచి 14 అడుగుల ఎత్తున సుమారు 80 రాళ్ళు నిలబడి వున్నాయి. వాటి చుట్టూ వరుసలు తీరిన చిన్న రాళ్ళు మరెన్నో. 2025లో యీ స్థలం యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. దీన్ని గురించి వచ్చిన వ్యాసాలు కొన్ని చదివాను. చదివినంతవరకు అన్నిటిదీ వొకటే పల్లవి: మన పూర్వులు ఎంతటి ఖగోళవేత్తలు! వొక రాతిమీది గుంటలు సప్తర్షి మండలాన్ని పోలివున్నాయని, రాళ్ళ వరుసలు సూర్యుని గమనానికి సరిపోతాయని పరిశోధకులంటున్నారు. పరిశీలించదగిన మాటే. దానితో నాకు పేచీ లేదు.

పేచీ ఆ పొగడ్తతోనే. పక్కచేలోని ముసలి రైతు రాతిని తట్టి నాతో అన్నాడు: "గింత రాయిని లేపిన్రంటే ఎంతమంది పట్టిన్రో సారూ! అన్ని దినాలు వాళ్ళకు బువ్వెవరు పెట్టిన్రో!" నేను చదివిన వ్యాసాలలో యీ ప్రశ్న లేదు. తెలంగాణాలో యిలాంటి రాతి సమాధులను జనం రాకాసిగుళ్ళన్నారు. పండితులు ముడుమాల్ రాళ్ళను ఋషితుల్యులకు కట్టబెడుతున్నారు. రాక్షసుడైనా ఋషి అయినా, కూలివానికి దక్కింది మాత్రం శూన్యమే.

మనవాళ్ళ తప్పు కూడా చెప్పుకోవాలి. అభ్యుదయవాదులం రెండు సూత్రాలు వెంటపెట్టుకొని బయలుదేరుతాం. అందరూ కలిసి ఎత్తారా, ఆదిమ సామ్యవాదం. బలవంతాన ఎత్తించారా, బానిసత్వం. నేనూ అలాగే వెళ్ళాను. ఏ రాయీ నా సూత్రానికి సాక్ష్యం పలకలేదు. 1947లో కర్ణాటకంలోని బ్రహ్మగిరిలో వీలర్ పొరపొరా తవ్వించి, రాతిగొడ్డళ్ళవారి తర్వాత ఇనుము వాడిన సమాధులవారు వచ్చారని చూపించాడు. ఆ క్రమాన్ని నిర్ణయించినవి కుండపెంకులు, పనిముట్లు. ఎవరి సిద్ధాంతమూ కాదు. పెంకును ఏరే వోపికలేని భౌతికవాదం పేరుకే భౌతికవాదం.

ఆ రాళ్ళలో వొకదాన్ని వూరివాళ్ళు ఎల్లమ్మగా కొలుస్తారు. మూఢనమ్మకమని నవ్వి వచ్చేయటం తేలిక. కాని జాబితాలు రాకముందు యిన్ని తరాలు ఆ రాతికి కాపలా కాసింది ఆ నమ్మకమేనని మరవరాదు. రేపు కంచె వేస్తారు, బోర్డు పెడతారు. ఆ బోర్డుమీద నక్షత్రాల మాట తప్పక వుంటుంది. బువ్వ మాట కూడా వుండాలని అడగవలసినవాళ్ళం మనం. ముందు మన వ్యాసాలలో దానికి చోటివ్వాలి.