నల్ల తెర ముందు లాగ్ చదవడం

లాప్‌టాప్‌లో లినక్సో ఫ్రీబీఎస్‌డీయో ఎక్కించి గ్రాఫికల్ తెర కోసం చూస్తుంటే, నల్లటి తెర తప్ప ఏమీ రాలేదనుకోండి. చాలామంది వెంటనే ఇన్‌స్టాలేషన్ మళ్లీ మొదలుపెడతారు. యూనిక్స్‌లో చేయి తిరిగినవాళ్లు ఆ పని చేయరు. ముందు లాగ్ తెరుస్తారు.

ఈ అలవాటుకు వీలు కల్పించింది గ్రాఫికల్ తెరను నడిపే ఎక్స్ విండో సిస్టమ్ నిర్మాణమే. 1984లో ఎంఐటీలో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ దీన్ని మొదలుపెట్టినప్పుడు కెర్నల్‌లో కలిపేయకుండా విడి ప్రోగ్రామ్‌గా రాశారు. అందుకే ఎక్స్ పడిపోయినా యంత్రం నడుస్తూనే ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కితే చాలాసార్లు టెక్స్ట్ కన్సోల్ దొరుకుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ నడుస్తుంటే మరో కంప్యూటర్ నుంచీ లోపలికి వెళ్లొచ్చు.

అక్కడ తెరవాల్సింది ఎక్స్ సర్వర్ అయిన ఎక్స్‌ఆర్గ్ రాసే లాగ్. అందులోని వరుసల ముందు బ్రాకెట్లలో గుర్తులుంటాయి. ఈఈ అంటే లోపం, డబ్ల్యూడబ్ల్యూ అంటే హెచ్చరిక. నా దృష్టిలో వీటికంటే విలువైనవి మరో మూడున్నాయి. రెండు గీతలుంటే ఆ సంగతి హార్డ్‌వేర్‌ను అడిగి తెలుసుకున్నది. రెండు నక్షత్రాలుంటే కాన్ఫిగరేషన్ ఫైల్ చెప్పింది. రెండు సమాన గుర్తులుంటే ఎవరూ చెప్పనందువల్ల సర్వర్ తానే తీసుకున్నది. ఏ మాట ఎవరిదో ఇంత నిజాయితీగా రాసిపెట్టే సాఫ్ట్‌వేర్ అరుదు. ఎక్కడి నుంచో తెచ్చి పెట్టిన పాత కాన్ఫిగరేషన్ ఫైల్ అడ్డుపడుతుంటే నక్షత్రాలే దాన్ని పట్టిస్తాయి. ఆ ఫైల్‌ను పక్కకు జరిపి చూడటం మంచి తొలి ప్రయత్నం, ఎందుకంటే నేటి సర్వర్ చాలావరకు తనంతట తానే అన్నీ కనుక్కుంటుంది.

లాగ్ చివర ‘నో స్క్రీన్స్ ఫౌండ్’ అని ఉంటే అక్కడే ఆగిపోకూడదు. అది ఫలితం మాత్రమే. కారణం పైన ఎక్కడో ఉంటుంది, కాబట్టి మొదటి ఈఈ నుంచి కిందికి చదువుకుంటూ రావాలి.

ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న లాప్‌టాప్‌లో ఫ్రీబీఎస్‌డీ సంగతి తీసుకోండి. గ్రాఫిక్స్ పరికరాన్ని తెరవలేకపోయానని లాగ్ అంటే, తప్పు ఎక్స్‌ది కాకపోవచ్చు. కెర్నల్ మాడ్యూల్ ఎక్కిందో లేదో చూడాలి. డీఆర్‌ఎమ్-కేమోడ్ ప్యాకేజీ వేసి, ఐ915కేఎంఎస్ మాడ్యూల్‌ను ముందు చేత్తో ఎక్కించాలి. తెర చెడితే రీబూట్ చేస్తే సరిపోతుంది. బాగా నడిచాకే ఆర్‌సీ.కాన్ఫ్‌లో శాశ్వతంగా రాయాలి. వినియోగదారుణ్ణి వీడియో గ్రూపులో చేర్చడం కూడా మరిచిపోవద్దు.

లినక్స్‌లోనూ ఇదే జాగ్రత్త పనికొస్తుంది. గ్రబ్ బూట్ మెనూలో ‘ఈ’ మీట నొక్కి, కెర్నల్ వరుసలో ‘నోమోడ్‌సెట్’ చేరిస్తే ఆ మార్పు ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది. దానితో తెర వస్తే, లోపం కెర్నల్ గ్రాఫిక్స్ డ్రైవర్ వైపు ఉందని అనుమానించవచ్చు. దాన్నే మందు అనుకుని అలా వదిలేస్తే మాత్రం గ్రాఫిక్స్ వేగం పోతుంది.

వెనుకటి రోజుల్లో తెర కొలతలు, ఫ్రీక్వెన్సీ చెప్పే మోడ్‌లైన్ అంకెలు చేత్తో రాసేవారు. తప్పు ఫ్రీక్వెన్సీ పాత సీఆర్‌టీ మానిటర్‌నే పాడుచేయగలిగేది. ఇప్పుడు తెర తన వివరాలను ఈడీఐడీ అనే 128 బైట్ల దిమ్మలో తానే చెబుతుంది. అయినా మోడ్‌లైన్ లెక్కగట్టే సీవీటీ ఆదేశాన్ని 1366 వెడల్పు అడిగితే 1368 ఇస్తుంది, ఆ లెక్కకు వెడల్పు 8తో భాగింపబడాలి మరి. ఈడీఐడీ సవ్యంగా అందినప్పుడు ఆ అంకెల జోలికి వెళ్లకపోవడమే మేలు.

ఎక్స్‌కు బదులు వేలాండ్ వాడే యంత్రాల్లో ఈ ఎక్స్‌ఆర్గ్ గుర్తులు కనిపించవు. సిస్టమ్‌డీ ఉన్నచోట జర్నల్‌సీటీఎల్‌లో వెతకాలి. ఎక్కడైనా ఒకసారికి ఒకే మార్పు చేసి, ప్రతి మార్పు తర్వాతా లాగ్ మళ్లీ చూడాలి. ఎవరినైనా సాయం అడిగితే తెర ఫొటో కాదు, లాగ్ మొత్తం ఇవ్వాలి.