కొమ్మ లెక్కా, చెట్టు లెక్కా?

విశ్వవిద్యాలయపు విభాగాన్ని ఉర్దూలో 'షోబా' అంటారు. దానికి మూలమైన అరబ్బీ పదానికి కొమ్మ అనే అర్థమున్నది. తెలుగు మాటలోనైతే భాగం ఉన్నది, భాగమంటే వాటా. అధ్యాపక నియామకాల్లో రిజర్వేషన్లపై 2017 నుండి 2019 వరకు మన దేశంలో సాగిన వివాదమంతా ఈ రెండర్థాల మధ్యనే నడిచింది. వాటాను కొమ్మకొమ్మకు వేరుగా లెక్కించాలా, చెట్టు మొత్తానికి కలిపి లెక్కించాలా?

బెనారస్ హిందూ విశ్వవిద్యాలయపు నియామక ప్రకటనపై వచ్చిన వ్యాజ్యంలో 2017 ఏప్రిల్‌లో అలహాబాదు హైకోర్టు విభాగాన్నే యూనిట్‌గా తీసుకోవాలని తీర్పు చెప్పింది. మొత్తాన్ని ఒకటిగా లెక్కిస్తే కొన్ని విభాగాల్లో పోస్టులన్నీ రిజర్వు కావచ్చు, మరికొన్నింటిలో ఒక్కటీ కాకపోవచ్చు అన్నది న్యాయస్థానం చూపిన హేతువు. ఇది తేలికగా తోసిపుచ్చదగిన వాదన కాదు. చరిత్ర చెప్పే అధ్యాపకుడు రసాయన శాస్త్ర విభాగపు పోస్టుకు పోటీపడడు గదా! 2018 మార్చి 5న యు.జి.సి. ఆ తీర్పునే అమలు చేయమని విశ్వవిద్యాలయాలను ఆదేశించింది.

అయితే వాదన ఎంత పొందికగా ఉన్నా అంకెలతో పరీక్షించకుండా అంగీకరించరాదు. రోస్టరులో శాతాలు వంతులుగా మారుతాయి. వెనుకబడిన తరగతుల 27 శాతానికి మొదటి వంతు నాలుగవ పోస్టు వద్ద వస్తుంది. షెడ్యూల్డు కులాల 15 శాతానికి ఏడవది, షెడ్యూల్డు తెగల 7.5 శాతానికి పద్నాలుగవది. ఇప్పుడు ఒక ప్రొఫెసర్, ఇద్దరు అసోసియేట్ ప్రొఫెసర్లు, నలుగురు అసిస్టెంట్ ప్రొఫెసర్లు గల విభాగాన్ని ఊహించుకోండి. ప్రతి హోదాకూ లెక్క వేరే. ఏడు పోస్టుల్లో రిజర్వు అయ్యేది ఒక్కటే: నాలుగవ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు. ఆ నలుగురిలో ముగ్గురు పదవీ విరమణ చేసి, వారి స్థానాలు నిండేటప్పుడు గాని షెడ్యూల్డు కులాల అభ్యర్థి వంతు రాదు. ఒక్కొక్కరు ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసే చోట ఈ నిరీక్షణ ఎంత కాలమో పాఠకులే లెక్కవేసుకోవచ్చు. గిరిజన అభ్యర్థి మాట ఎత్తకపోవడమే మేలు.

ఇలాంటి విభాగాలు పది ఉంటే అసిస్టెంట్ ప్రొఫెసర్లు 40 మంది. విభాగాల వారీ లెక్కలో వెనుకబడిన తరగతులకు 10 పోస్టులు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు సున్న. అందరినీ కలిపి లెక్కిస్తే వెనుకబడిన తరగతులకు అవే 10, షెడ్యూల్డు కులాలకు 6, తెగలకు 3. ఇది చూసి, కేంద్ర జాబితాలో వెనుకబడిన తరగతుల కింద ఉన్న దూదేకుల, మెహతర్ కుటుంబాలవారు తమకేమీ నష్టం లేదని అనుకోవచ్చు. పై మెట్టు ఎక్కి చూస్తే ఆ ధీమా నిలువదు. 20 అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుల్లో విభాగాల లెక్కన వారికి దక్కేది సున్న, కలిపి లెక్కిస్తే 5. (మెహతర్ల సంగతి మరీ విచిత్రం. అదే పని చేసే హిందువు షెడ్యూల్డు కులాల వాడు, ముస్లిం కాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు తర్వాతి కాలంలో సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే సడలింది.)

2019 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్ర ప్రభుత్వపు అప్పీలును త్రోసిపుచ్చింది. ఆందోళనలు చెలరేగాయి. మార్చిలో ఆర్డినెన్సు, జూలైలో చట్టం వచ్చి విద్యాసంస్థ మొత్తమే యూనిట్ అని స్థిరపరచాయి. ఇది న్యాయమైన దిద్దుబాటే, సందేహం లేదు. కాని హైకోర్టు అడిగిన ప్రశ్నకు చట్టం జవాబు చెప్పలేదు, దాన్ని దాటిపోయింది. రిజర్వు పోస్టులు ఏ విభాగాలకు వెళ్ళాలో అందులో లేదు. విశ్వవిద్యాలయపు మొత్తం లెక్క సరిపోయి, ఒకానొక విభాగం స్థాపించిన నాడు ఎలా ఉండెనో అలాగే ఉండిపోవడానికి చట్టరీత్యా అడ్డేమీ లేదు. రిజర్వు పోస్టుకు ఇంటర్వ్యూ జరిపి 'తగినవారు దొరకలేదు' అని వ్రాసి ఖాళీగా ఉంచడానికీ దారి మూసుకోలేదు.

వివక్ష జరిగేది రోస్టరు రిజిస్టరులో కాదు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థపై సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదికను చదివినవారికి ఇది తెలుసు. ఆ సంస్థలో సీట్ల కోటా ఉన్నది. షెడ్యూల్డు కులాల, తెగల విద్యార్థులు ఫిర్యాదు చేసింది కోటా గురించి కాదు. ఉపాధ్యాయుడు ఎవరితో ఎంతసేపు మాట్లాడతాడు, మౌఖిక పరీక్షలో మార్కులు ఎలా పడతాయి, హాస్టలులో ఎవరి గదులు ఎక్కడకు చేరతాయి అన్న విషయాల గురించి. వీటిలో అధిక భాగం విభాగపు నాలుగు గోడల మధ్య జరిగేవే. కొమ్మను విడిగా లెక్కించరాదన్నది సరే, కొమ్మ వైపు చూడనే అక్కరలేదనుకోవడం వేరు.

మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదు. ఆ మినహాయింపును ముస్లిం యాజమాన్యాలు హక్కుగా చెప్పుకుంటాయి, చెప్పుకోవలసిందే. అయితే ఆ కళాశాలల్లో పాఠం చెప్పేవారిలో దూదేకులవారు ఎందరు, మెహతర్లు ఎందరు, స్త్రీలు విభాగాధిపతులుగా ఎన్ని చోట్ల ఉన్నారు అన్న పట్టికను ఏ యాజమాన్యమైనా స్వయంగా తయారు చేసుకోవచ్చు. దానికి హైకోర్టూ అక్కరలేదు, ఆర్డినెన్సూ అక్కరలేదు. జీతాల రిజిస్టరు చాలు.