కత్తిని కాచే రెండు పలకలు

మంగలికత్తి చేతికిస్తే ఎవరైనా ముందు అంచునే చూస్తారు. నా చూపు మాత్రం పిడి మీదికి పోతుంది. కత్తి మడిచినప్పుడు ఆ అంచు ఎక్కడా తగలకుండా, సరిగ్గా నడిమధ్యకు వచ్చి ఒదిగితే ఆ పిడి చేసినవాడు పనిమంతుడు.

పిడి అంటే రెండు పలచని పలకలు. ఒక కొసన కత్తి తిరిగే మేకు, రెండో కొసన పలకల మధ్య చిన్న ముక్క, దాన్ని పట్టి ఉంచే మరో మేకు. అంతే. ఇంగ్లండులోని షెఫీల్డ్ పనివాళ్లు 19వ శతాబ్దంలో కొమ్మును వేడిచేసి, అచ్చుల్లో నొక్కి ఈ పలకలు తీసేవారు. తర్వాత సెల్యులాయిడ్ వచ్చింది. చూపుకి దంతంలా ఉంటుంది గానీ, ఏళ్లు గడిచాక కుళ్లి, అందులోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి కత్తినే తుప్పు పట్టిస్తుంది. కాపలా ఉండాల్సిందే కాటేస్తుందన్నమాట. చేవ తేలిన చెక్కతో ఆ భయం లేదు. అయితే చెక్కను అచ్చులో నొక్కలేం, ఓపిగ్గా పలచన చేసుకోవాల్సిందే.

ఎంత పలచన? రెండున్నర నుంచి 3 మిల్లీమీటర్లు. రూపాయి బిళ్లలు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే దాదాపు అంత. అంతకన్నా మందమైతే చేతిలో మొద్దులా ఉంటుంది, మరీ పలచనైతే మేకు దగ్గర చీలుతుంది. అన్నిటికన్నా చెడ్డది హెచ్చుతగ్గుల పలక. రెండింటిలో ఒకటి బిరుసుగా, ఒకటి మెత్తగా ఉంటే బిరుసుది మెత్తదాన్ని నెడుతుంది. కత్తి పక్కకు ఒరిగి, నూరిన అంచు వెళ్లి చెక్కకు గీసుకుంటుంది.

అందుకే పని జత నుంచే మొదలవుతుంది. ఒకే ముక్కను మధ్యకు కోసి, పుస్తకం తెరిచినట్టు విప్పితే రెండు పలకల్లోనూ నార ఒకేలా ఉంటుంది. తడి తగిలినా రెండూ ఒకే తీరుగా కదులుతాయి. కత్తి నీళ్ల దగ్గర బతికే వస్తువు కదా!

ఇక పలచన చేయడం. చదునైన దిమ్మకు రెండు వైపులా అంటుకునే టేపుతో పలకను అతికించి, దాని ఇరుపక్కలా 3 మిల్లీమీటర్ల ఇనుప పట్టీలు బిగిస్తారు. చిత్రిక పడుతూ పోతే, చెక్క పట్టీల ఎత్తుకు దిగగానే చిత్రిక అడుగు ఇనుము మీద ఆని ఆగిపోతుంది. అక్కడి నుంచి అద్దం మీద పరిచిన గరుకు కాగితమే. పలక మీద పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీసి రుద్దాలి. ఎక్కడ గీత మిగిలిందో అక్కడ పల్లం. పది రుద్దులకోసారి పలకను తిప్పి పట్టాలి. లేకపోతే చేతి బరువు ఎప్పుడూ ఒక కొసనే పడి అటు అరిగిపోతుంది. మధ్యమధ్య కాలిపర్ పెట్టి నాలుగు మూలలూ, నడుమూ కొలవాలి.

తొందరపడేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. చెక్కను ఒక వైపే చెక్కుతూ పోతే తేమ తేడా వచ్చి వంకర తిరుగుతుంది. రెండు వైపులా కాస్త కాస్త తీసి, ఒక రాత్రి వదిలేసి, మర్నాడు మళ్లీ కొలవాలి. రోజ్‌వుడ్ లాంటి చెక్కల పొడి ఊపిరికి మంచిది కాదు, ముక్కుకు మాస్కు తప్పనిసరి.

ఇప్పుడు మన సెలూన్లలో బ్లేడు బిగించే కత్తులే. కానీ పాత పెట్టెల అడుగున తాతల నాటి జర్మనీ సోలింగెన్ కత్తులు ఇంకా దొరుకుతుంటాయి. పిడి పగిలిందని పారేయకండి. ఉక్కు చెడకపోతే, మేకులు ఊడదీసి కొత్త పిడి వేయించవచ్చు. దానికి కావలసింది జానెడు చెక్క.