ఇత్తడిలో అవినాశి రోడ్డు

కోయంబత్తూరు అవినాశి రోడ్డు. పాతకార్ల ఊరేగింపు బయల్దేరడానికి ఇంకా గంట టైముంది. అందరూ ఫోన్లు ఎత్తిపట్టి తీస్తుంటే, మా మామ కెమెరా మెడలో వేసుకొని ఫోర్డు మోడల్ టి చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నాడు. ఈ ఎండల్లో నల్లచొక్కా ఏమిటని పొద్దున అత్త గొణిగినా వినలేదు. నేను తొందరపెడితే అన్నాడు: "బండిని ఎవురైనా తీస్తారు నాయనా. బండి మీద ఏం పడతా ఉండాదో అది చూడాల."

ఆయన పనితనమంతా ఆ మాటలోనే ఉంది. పాతకారుకు ఒళ్లంతా అద్దమే. నల్ల పెయింటు, గాజు, ఇత్తడి, ఎదురుగా ఏముంటే దాన్ని పట్టేస్తాయి. తిన్నగా నిలబడి తీస్తే ఫోటోలో కారుతోపాటు ఆటో, ఫ్లెక్సీ, కెమెరా పట్టుకున్న మనమూ పడతాం.

పోలరైజర్ ఫిల్టరు కొంత ఆదుకుంటుంది. మామ దాని ఉంగరం మెల్లగా తిప్పుతుంటే విండ్‌షీల్డు మీది ఆకాశం కరిగిపోయి లోపలి స్టీరింగు బయటపడింది. పెయింటు మీది తెల్లటి తళుకూ తగ్గింది. ఉత్త లోహం దగ్గర మాత్రం ఆ ఫిల్టరు పప్పులుడకవు. మోడల్ టికి 1917 మోడలు నుంచి రేడియేటరుకూ నల్లరంగు వచ్చింది. ఇది అంతకు ముందుది, ఇత్తడి ధగధగలాడుతోంది. అక్కడ మామ కాళ్లకు పని చెప్పాడు. అరడుగు ఎడమకు జరిగి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇత్తడిలోంచి ఆటో జారిపోయింది. దాని చోటికి ఫ్లైఓవరు స్తంభాల వరస వచ్చి, రేడియేటరు వంపు ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుందో గీసి చూపించింది.

2025 అక్టోబరులో తెరిచిన ఆ పది కిలోమీటర్ల ఫ్లైఓవరుకు జి.డి. నాయుడు పేరు పెట్టారు. 1893లో కలంగల్‌లో పుట్టిన ఈ తెలుగు రైతుబిడ్డ, ఓ తెల్లదొర రడ్జ్ మోటారుసైకిలు మీద మనసుపడి, హోటల్లో సర్వరుగా చేసి కూడబెట్టిన డబ్బుతో దాన్నే కొని, విప్పి మళ్లీ బిగించాడు. 1920లో పొల్లాచి–పళని మధ్య ఒక్క బస్సుతో వ్యాపారం మొదలుపెట్టాడు. కెమెరా పిచ్చీ తక్కువేం కాదు. 1936లో లండన్‌లో ఐదో జార్జి అంతిమయాత్రను చిత్రించాడు. ఆయన కుటుంబం 2015లో తెరిచిన జీడీ కార్ మ్యూజియం ఈ రోడ్డు మీదే ఉంది. నాయుడుగారు పానాతో విప్పినట్టే మామ చూపుతో విప్పుతాడు: ఇత్తడి వేరు, పెయింటు వేరు, గాజు వేరు. వేటి లెక్క వాటికి తేలాకే మీట నొక్కుతాడు.

బళ్లు కదిలాయి. మోడల్ టి చెక్కచక్రానికి పన్నెండు ఆకులు. సెకనులో అయిదువందలో వంతుకు తీస్తే పన్నెండూ లెక్కపెట్టుకోవచ్చు, కానీ బండి ఆగి ఉన్నట్టే ఉంటుంది. మామ ముప్ఫయ్యో వంతుకు దింపి, పాదాలు కదపకుండా నడుము తిప్పుతూ బండితోపాటు కెమెరాను లాక్కుపోయాడు. పదిట్లో తొమ్మిది అలుక్కుపోయాయి. పదోదానిలో ఆకులు పొగలా తిరుగుతున్నాయి, వెనక కొట్లన్నీ అడ్డగీతలయ్యాయి, డ్రైవరు మీసం మాత్రం వెంట్రుక వెంట్రుకా నిలిచింది.

ఇంటికొచ్చాక, నిలబెట్టి తీసిన ఫోటోను కంప్యూటర్లో పెద్దది చేశాను. ఇత్తడి వంపులో అవినాశి రోడ్డంతా విల్లులా వంగి ఒదిగింది. మామ కోసం వెతికాను. చివరికి దొరికాడు, స్తంభం పక్క నీడలో నీడగా. నల్లచొక్కా సంగతి అత్తకు చెప్పాలి.